మూడేళ్లు నడిచిన పంపు, ఓవర్‌హాల్ చేసిన తొమ్మిదో రోజు పడుకుంది

పంపుల_ప్రసాద్
మా ప్లాంటులో కూలింగ్ వాటర్ పంపులు మూడు. రెండు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై. వాటిలో బి పంపు మూడేళ్లు కిక్కురుమనకుండా నడిచింది. బేరింగ్ హౌసింగ్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండేది, అంతే. షెడ్యూల్ ప్రకారం టైమ్ వచ్చింది కాబట్టి గత నెల షట్‌డౌన్‌లో విప్పాం. బేరింగులు, మెకానికల్ సీల్, షాఫ్ట్ స్లీవ్ అన్నీ కొత్తవి వేశాం. తీసిన పాత బేరింగులు కడిగి చూస్తే ఇంకో రెండేళ్లు నడిచేలా ఉన్నాయి.

స్టార్ట్ చేసిన తొమ్మిదో రోజు రాత్రి రెండున్నరకి మోటారు వైపు బేరింగ్ అరవడం మొదలుపెట్టింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి హౌసింగ్ మీద పెయింటు మాడిన వాసన. స్టాండ్‌బై ఎక్కించి దాన్ని ఆపేశాం.

ఇప్పుడు మా మేనేజర్ ఏమంటారంటే, మూడేళ్లు ఆగడమే తప్పట, ఇకమీదట రెండేళ్లకోసారి విప్పాలట. నాకది మింగుడు పడటం లేదు. బాగున్నదాన్ని విప్పినందుకే కదా పోయింది? ఇంకా తొందరగా విప్పితే బాగుపడుతుందా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

మిల్లు_గోవిందు
మాది రైస్ మిల్లు. అచ్చం ఇదే కథ. సీజన్‌కి ముందు విప్పి సర్దిన ఎలివేటరే మొదటి వారంలో మొరాయిస్తుంది. ముట్టుకోనిది దాని మానాన అది నడుస్తూ ఉంటుంది. నడిచేదాన్ని కెలకొద్దురా అని మా నాన్న ఎప్పుడూ అనేవారు.

వైజాగ్_ఫోర్‌మన్
గోవిందు గారూ, కెలకొద్దు అనే మాట వినడానికి బాగుంటుంది. 34 ఏళ్లు మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యాను, ఆ మాట నమ్మి మునిగినవాళ్లని కూడా చూశాను. ఒక కన్వేయర్ గేర్‌బాక్స్ బాగానే ఉందిగా అని ఆయిల్ కూడా మార్చకుండా వదిలేశారు. ఒకరోజు లోడ్ మీద ఉండగా పళ్లు రాలిపోయి, బెల్టు సరుకుతో సహా వెనక్కి జారింది. కింద మనిషి లేకపోవడం మా అదృష్టం.

ప్రసాద్ గారూ, ఆ పోయిన బేరింగ్ దాచారా? స్క్రాప్‌లో వేసుంటే ఈ రాత్రికే వెనక్కి తెప్పించండి. అది నోరు విప్పి చెప్పేదాకా మనం అనుకునేవన్నీ ఊహలే.

పంపుల_ప్రసాద్
దాచాను సార్. స్టోర్‌లో కవర్లో పెట్టి పేరు రాశాను. ఇంకా విప్పలేదు.

నీలి_రెక్క
ప్రసాద్ గారి ప్రశ్న కొత్తది కాదు. 80 ఏళ్ల కిందట ఒక జీవశాస్త్రవేత్త సరిగ్గా దీన్నే పట్టుకున్నాడు. నేను విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, మా ట్రైనింగ్‌లో మొదట విన్న కథ ఇది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళానికి కోస్టల్ కమాండ్ అని ఒక విభాగం ఉండేది. సముద్రం మీద గంటల తరబడి ఎగురుతూ జర్మన్ సబ్‌మెరైన్లని వెతకడం వాళ్ల పని. కష్టమేమిటంటే విమానాలు ఆకాశంలో ఉండే టైమ్ కంటే షెడ్డులో ఉండే టైమ్ ఎక్కువ. లెక్కలు చూడమని శాస్త్రవేత్తలని పెట్టారు. వాళ్లలో ముఖ్యుడు కాన్రాడ్ వాడింగ్టన్. పిండాలు ఎలా పెరుగుతాయో చదివినవాడు. ఇంజిన్లకీ ఆయనకీ అంతకు ముందు సంబంధం లేదు.

ప్రతి 50 గంటలకి ఒకసారి విమానాన్ని ఇన్‌స్పెక్షన్‌కి దించేవాళ్లు. ఈయన బృందం చేసింది చాలా మామూలు పని. ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఎన్నో గంటలో ఎన్ని రిపేర్లు వచ్చాయో గీత గీశారు. ఇన్‌స్పెక్షన్ వల్ల మేలు జరిగితే, అది అయిన వెంటనే రిపేర్లు తక్కువ ఉండాలి, తర్వాతి 50 దగ్గరపడే కొద్దీ పెరగాలి. కాగితం మీద వచ్చింది దానికి తలకిందులు. షెడ్డులోంచి బయటికి రాగానే రిపేర్లు ఎక్కువ, గంటలు గడిచే కొద్దీ తగ్గుతూ పోయాయి, మళ్లీ ఇన్‌స్పెక్షన్ అవ్వగానే ఎగిరి పైకి లేచాయి. అంటే కుదురుగా ఉన్నదాన్ని కదిలించి మనమే పాడు చేస్తున్నామని. ఇప్పటికీ దాన్ని వాడింగ్టన్ ఎఫెక్ట్ అంటారు. ఆయన రాసిన పుస్తకం 1973లో గానీ బయటికి రాలేదు. అప్పటికే విమాన కంపెనీలు అదే సంగతి తమ డబ్బు పోగొట్టుకుని విడిగా నేర్చుకున్నాయి.

మిల్లు_గోవిందు
మా నాన్న పుస్తకం రాయకుండానే చెప్పారు 🙂

సున్నా_టాలరెన్స్
ఒక్క సందేహం. ఇన్‌స్పెక్షన్‌లో వెతుకుతాం కాబట్టి లోపాలు దొరుకుతాయి. దొరికినవి లెక్కలో పడతాయి. అందుకే ఆ టైమ్‌లో సంఖ్య పెరిగి ఉండొచ్చు కదా? డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే బీపీ ఉందని తెలుస్తుంది, డాక్టర్ వల్ల బీపీ వచ్చిందనం.

నీలి_రెక్క
మంచి పాయింట్, కానీ ఇక్కడ కుదరదు. వాళ్లు లెక్కపెట్టింది ఇన్‌స్పెక్షన్‌లో దొరికినవాటిని కాదు. అది పూర్తయి, సంతకం పెట్టి, మళ్లీ ఎగరడం మొదలుపెట్టాక అనుకోకుండా వచ్చిన రిపేర్లని.

సున్నా_టాలరెన్స్
అయితే సరే. అది బలమైన లెక్కే.

కరెంటు_తీగ
పాత బల్బులు గుర్తున్నాయా? ఎప్పుడూ స్విచ్ వేసిన క్షణంలోనే టప్పుమని పోయేవి. వెలుగుతూ వెలుగుతూ పోయింది తక్కువ. చల్లగా ఉన్న తీగలోకి ఒక్కసారి కరెంటు దూకుతుంది కాబట్టి.

1946లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్ చూపించారు. దాంట్లో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు. ఎక్కువగా వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ పోతున్నాయని గమనించి, వీలైనంత వరకు దాన్ని ఆపకుండానే ఉంచేవాళ్లు. ఆపడం, స్టార్ట్ చేయడం కూడా మెషిన్‌కి ఒక దెబ్బే. షట్‌డౌన్ అంటే ఏమీ జరగని ఖాళీ టైమ్ అనుకుంటాం గానీ అది నిజం కాదు.

డల్లాస్_సుబ్బు
కాలేజీలో బాత్‌టబ్ కర్వ్ చెప్పారుగా, వయసుతో పాటు మెషిన్ పోయే అవకాశం ఎలా మారుతుందో చూపే స్నానాల తొట్టి ఆకారపు గీత. మొదట్లో పోయేవి పోతాయి, మధ్యలో కుదురుగా ఉంటుంది, ముసలితనంలో మళ్లీ పెరుగుతుంది. ప్రసాద్ చేసింది కుదురుగా ఉన్న మధ్య భాగం నుంచి పంపుని పట్టుకుని మళ్లీ మొదటి గండంలోకి తోయడం. నా లెక్కలో మూడేళ్లు తక్కువ, అయిదేళ్లకి విప్పాల్సింది.

నీలి_రెక్క
సుబ్బు గారూ, ఆ అయిదు ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకంలో బాత్‌టబ్ బొమ్మ ఉంది కాబట్టి ప్రతి మెషిన్‌కీ ఒక ముసలితనం ఉంటుందనీ, అది ఎప్పుడో కనిపెట్టి దానికి ఒకరోజు ముందు విప్పితే చాలనీ అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని.

1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ అనే ఇద్దరు అమెరికా రక్షణ శాఖ కోసం ఒక రిపోర్టు రాశారు. విమాన భాగాలు ఎలా పోతాయో చూస్తే ఆరు రకాలుగా తేలాయి. మీరు చెప్పిన పూర్తి బాత్‌టబ్ వాటిలో 4 శాతం. వయసు పెరిగే కొద్దీ పోయే అవకాశం పెరిగే రకాలన్నీ కలిపితే 11 శాతం. మిగిలిన 89 శాతానికి ఫలానా వయసులో విప్పితే లాభం అనే గీతే లేదు. ఆ 89లో 68 కొత్తలోనే ఎక్కువగా పోయి, ఆ గండం గడిస్తే కుదురుగా నడిచేవి. ప్రసాద్ గారి తొమ్మిదో రోజు ఆ 68లోదే అయ్యుంటుంది.

విమాన కంపెనీలు ఈ సంగతి ఆ రిపోర్టుకి ముందే గ్రహించి పద్ధతే మార్చేశాయి. డీసీ-8 విమానంలో ఇన్ని గంటలకి విప్పి తీరాలి అన్న భాగాలు 339 ఉండేవి. తర్వాత వచ్చిన డీసీ-10లో అవి 7. బోయింగ్ 747 కోసం 1968లో ఈ పద్ధతిని మొదటిసారి కాగితం మీద పెట్టారు. 747లో మొదటి 20,000 గంటల్లో పెద్ద స్ట్రక్చర్ ఇన్‌స్పెక్షన్లకి 66,000 మనిషి గంటలు సరిపోయాయి. అదే వయసుకి, దానికంటే చిన్నదైన డీసీ-8కి పాత పద్ధతిలో 40 లక్షల గంటలు పట్టింది. పని తగ్గింది కానీ ప్రమాదాలు పెరగలేదు.

డల్లాస్_సుబ్బు
339 నుంచి 7! ఈ సంఖ్య నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అయిదేళ్లు అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

వైజాగ్_ఫోర్‌మన్
మేడమ్, మీ లెక్కని నేను కాదనను. కానీ విమానం పగలూ రాత్రీ కళ్లలో ఒత్తులు వేసుకుని చూసే మనుషుల మధ్య ఉంటుంది. మా పంపుల మీద ఉప్పు గాలి, బూడిద, బురద నీళ్లు. పంపు లోపల నీళ్లని తోసే చక్రం, ఇంపెల్లర్‌ని, నీళ్లలో ఇసుక రోజూ కొంచెం కొంచెం తింటుంది. దానికి వయసు లేదంటే ఎలా? ఈ 11 శాతం పట్టుకొచ్చి ఒక కుర్ర ఇంజనీరు మా బడ్జెట్ కోయించాడు. చెడిపోయే టైమ్ ఎవరికీ తెలియదట కాబట్టి అసలు చూడక్కర్లేదట. ఎంత పొరపాటు!

నీలి_రెక్క
మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం సార్. నౌలన్, హీప్ కూడా అదే అన్నారు. ఒకటే విధంగా పాడయ్యే సాదా వస్తువులకి, అరిగేవాటికి, తుప్పు పట్టేవాటికి, అలసిపోయే లోహానికి వయసు ఉంటుంది. నూరు భాగాలు కలిసి, నూరు విధాలుగా పోగల పెద్ద యంత్రానికి మొత్తంగా ఒక వయసు ఉండదు. తర్వాత అమెరికా నౌకాదళం ఓడల మీద ఇలాంటి లెక్కే వేస్తే వయసుతో పోయే భాగం విమానాల్లో కంటే ఎక్కువ తేలింది. అక్కడా ఉప్పు గాలే కదా.

విప్పకు అంటే చూడకు అని కాదు. 1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. 19 ఏళ్ల విమానం. చిన్న చిన్న దూరాలు తిరుగుతూ 89,680 సార్లు పైకి లేచి దిగింది. లేచిన ప్రతిసారీ లోపల గాలి ఒత్తిడికి రేకు ఉబ్బుతుంది, దిగినప్పుడు సర్దుకుంటుంది. రివెట్ల వరుస వెంట పగుళ్లు పాకాయి. ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయింది. ఎక్కుతున్నప్పుడే ఒక ప్రయాణికురాలి కంటికి ఆ పగులు కనిపించిందట, ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

రైలుచక్రం
అలసట మాట వచ్చింది కాబట్టి దాని పుట్టుక రైల్వేది అని గుర్తుచేస్తున్నాను. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజిన్ ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తగలబడ్డాయి. తలుపులకి బయట నుంచి తాళాలు. 50 మందికి పైగా పోయారు. అప్పట్లో చాలామంది ఇంజనీర్లు ఇనుము వాడగా వాడగా లోపల గింజ కట్టి పెళుసుబారుతుంది అనుకునేవాళ్లు. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసుల్ని తిప్పి తిప్పి పరీక్షించే యంత్రాలు కట్టాడు. ఒక్కసారి మోయగలిగే బరువులో ఎంతో తక్కువ బరువైనా లక్షల సార్లు పడితే విరుగుతుందనీ, ఒక హద్దుకి కింద ఉంచితే ఇరుసు ఎన్నాళ్లయినా నిలుస్తుందనీ చూపించాడు. ఆయన లెక్కలు 1870 నాటికి పూర్తయ్యాయి. ఇప్పటికీ ఇరుసుల డిజైన్ దాని మీదే నడుస్తుంది.

మా నాన్న కీమ్యాన్, అంటే పట్టాల్ని పట్టి ఉంచే కీలు బిగువుగా ఉన్నాయో లేదో నడుస్తూ చూసే రైల్వే మనిషి. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెనకాల పట్టాల మీద నడిచేవాణ్ని. భుజం మీద సుత్తి, చేతిలో పొడుగు స్పానర్, ఎర్ర జెండా, పచ్చ జెండా. కీ మీద సుత్తితో చిన్న దెబ్బ వేసేవారు. బిగువుగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే డొప్పుమంటుంది. డొప్పుమన్నదాన్ని ఆగి రెండు దెబ్బలు వేసి బిగించేవారు. ఖంగుమన్నదాన్ని ముట్టుకునేవారు కాదు. ఆ బీటులో పట్టా విరగడం ఆయన సర్వీసులో ఒకే ఒక్కసారి చూశారు, అదీ చలికాలం తెల్లవారుజామున, రైలు రాకముందే జెండా పట్టి ఆపారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు, చేతులు వణుకుతున్నాయి.

మిల్లు_గోవిందు
రైలుచక్రం గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

రైలుచక్రం
ఆయన లేరండీ. చెప్పినట్టే అనుకుంటాను.

ఆయకట్టు_రైతుబిడ్డ
మీరంతా పంపులు, విమానాలు అంటున్నారు. మాది కర్నూలు జిల్లా, తుంగభద్ర నీళ్ల మీద బతికే ఊరు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు చైను తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యామ్ 1953 నాటిది, 33 గేట్లు, నిండుగా ఉంది. ఒక్క చోట ఒత్తిడి పడకూడదని మిగతా గేట్లన్నీ ఎత్తి నీళ్లు వదిలారు. మా నాన్న టీవీ ముందు కూర్చుని ఆ నీళ్లు పోతుంటే చూశారు, పోయినవాళ్లని చూసినట్టు. నారుమడి పోసి ఉంది మాకు.

గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వచ్చి, పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్ (గేటు బదులు దించే అడ్డు) దించి వారంలో ఆపారు. లేకపోతే ఆ ఏడు మాకు పంట లేదు. ఇప్పుడు చెప్పండి, 70 ఏళ్ల చైనుని కెలకొద్దు అందామా?

వైజాగ్_ఫోర్‌మన్
అనకూడదు. చైను అంటే నీలి_రెక్క గారు చెప్పిన సాదా వస్తువు. తుప్పు, అరుగుదల, రెండే శత్రువులు. ఒక్క లింకు పోతే మొత్తం పోతుంది. దానికి స్టాండ్‌బై లేదు. ప్రసాద్ గారి పంపుకి పక్కన ఇంకో పంపు ఉంది. తెల్లారేదాకా ఆగొచ్చు. డ్యామ్ గేటుకి ఆ వీలు లేదు.

నీలి_రెక్క
ఇదే అసలు ప్రశ్న. ఎన్నేళ్లకి విప్పాలి అని మొదలుపెట్టకూడదు. ఇది పోతే ఏమవుతుంది, పోయే ముందు ఏదైనా గుర్తు చూపిస్తుందా అని మొదలుపెట్టాలి. పంపు బేరింగ్ గుర్తు చూపిస్తుంది. వేడి, శబ్దం, వణుకు. అయితే దాన్ని వింటూ ఉండు, విప్పకు. చైను లింకు బయటికి గుర్తు చూపించకుండా తెగొచ్చు, తెగితే ఊళ్లు మునుగుతాయి. అయితే వయసు చూసి మార్చెయ్, బాగున్నట్టు కనిపించినా సరే.

ఆయకట్టు_రైతుబిడ్డ
ఇలా చెప్తే మా నాన్నకి కూడా అర్థమవుతుంది. చదివి వినిపిస్తాను.

లెక్కల_మాస్టారు
చైను గురించి ఒక లెక్క. ఒక్కో లింకు నిలిచే అవకాశం 99 శాతం అనుకోండి. వరసగా 100 లింకులుంటే మొత్తం చైను నిలిచే అవకాశం 99 కాదు, 37 శాతం కూడా లేదు. గుణించుకుంటూ పోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వీ-1 ఎగిరే బాంబులు మొదట్లో ఎందుకు విఫలమవుతున్నాయో వెతుకుతూ ఇంజనీరు రాబర్ట్ లుస్సర్ బృందం పట్టుకున్న సూత్రం ఇదే. అంతకు ముందు అన్నిటికంటే బలహీనమైన భాగం ఎంత గట్టిదో మొత్తం అంత గట్టిది అనుకునేవాళ్లు.

ఇంకో సంగతి. ప్రసాద్ గారి కంప్యూటర్లో వైబుల్ గ్రాఫ్ అని ఉండే ఉంటుంది, భాగాలు ఏ వయసులో పోతున్నాయో చూపేది. స్వీడన్ ఇంజనీరు వైబుల్ 1951లో ఆ సూత్రం ప్రకటించినప్పుడు ఉదాహరణగా ఇచ్చినవాటిలో భారతదేశపు పత్తి నార బలం ఒకటి. గుంటూరు వాణ్ని కాబట్టి నాకది చదివిన రోజు ఒళ్లు పులకరించింది. ఆ గ్రాఫ్‌లో బీటా అనే సంఖ్య 1 కంటే తక్కువ వస్తే కొత్తలోనే పోతున్నట్టు, ఎక్కువ వస్తే అరిగి పోతున్నట్టు. తక్కువ వచ్చినప్పుడు ముందుగా మార్చడం అంటే గండం గడిచినదాన్ని తీసి గండం ఉన్నదాన్ని పెట్టడం. మీ మేనేజర్ గారికి అది చూపించండి.

పంపుల_ప్రసాద్
మాస్టారూ, ఒక్క ఫెయిల్యూర్‌తో బీటా వస్తుందా?

లెక్కల_మాస్టారు
రాదు. పాత లాగ్ బుక్కులు తీయండి. ఓవర్‌హాల్ తేదీ, పోయిన తేదీ, కారణం. పదేళ్లవి దొరికితే చాలు.

నీలి_రెక్క
మెయింటెనెన్స్ చేసే చేతే పాడు చేసిన పెద్ద కేసు ఒకటి చెప్పకుండా ఉండలేను. 1979 మే 25, షికాగో. అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 నేల మీంచి లేస్తుండగా ఎడమ ఇంజిన్, దాన్ని రెక్కకి పట్టి ఉంచే పైలాన్‌తో సహా ఊడిపోయింది. విమానంలో 271 మంది, కింద ఇద్దరు చనిపోయారు. ఎనిమిది వారాల ముందు ఆ పైలాన్‌లో బేరింగులు మార్చారు. కంపెనీ చెప్పిన పద్ధతి ముందు ఇంజిన్ దించాలి, తర్వాత పైలాన్. ఇంజిన్‌నీ పైలాన్‌నీ కలిపి ఫోర్క్‌లిఫ్ట్‌తో దించితే విమానానికి దాదాపు 200 మనిషి గంటలు ఆదా అవుతాయని అలా చేశారు. ఫోర్క్‌లిఫ్ట్ కాస్త జారినా పైలాన్ అంచు రెక్క బ్రాకెట్‌కి తగులుతుంది. తగిలింది. పగులు వచ్చింది. అది పెరిగి ఆ రోజు విడిపోయింది. బేరింగు మార్చడానికి వెళ్లి దాన్ని మోసేదాన్ని విరగ్గొట్టారు.

డీసీ-10 అంటే నేను పైన 7 అని గొప్పగా చెప్పిన విమానమే. ఎన్నిసార్లు విప్పుతాం అన్నదొకటే చాలదు, విప్పినప్పుడు ఎలా విప్పుతాం అన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న.

సున్నా_టాలరెన్స్
ప్రసాద్ గారూ, షట్‌డౌన్‌కి ఎన్ని గంటలిచ్చారు మీకు?

పంపుల_ప్రసాద్
36. మొదట 48 అన్నారు, తర్వాత తగ్గించారు.

మిల్లు_గోవిందు
అన్నీ బాగున్నాయి. నా మిల్లులో వైబ్రేషన్ మీటర్ లేదు, ఇంజనీరు లేడు. నేనేం చేయాలి?

వైజాగ్_ఫోర్‌మన్
తుడవండి. నిజంగానే చెప్తున్నాను. జపాన్ వాళ్లు 1971 ప్రాంతంలో నిప్పన్‌డెన్సో ఫ్యాక్టరీలో మొదలుపెట్టిన టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) అనే పద్ధతిలో మొదటి మెట్టు అదే. దాన్ని ప్రచారం చేసింది జపాన్‌కి చెందిన నకజిమా గారు. మెషిన్ నడిపేవాడే రోజూ తుడుస్తాడు, ఆయిల్ చూస్తాడు, బోల్టు బిగువు చూస్తాడు. మా ప్లాంటులో మొదట ‘మాకు గుడ్డలిచ్చి పనిమనుషుల్ని చేస్తారా’ అని గొడవ అయింది. నేనూ వాళ్ల పక్షమే. రెండు నెలలకి ఒక ఆపరేటర్ నన్ను పిలిచి బేస్ ప్లేట్ మీద వెంట్రుకంత పగులు చూపించాడు. దుమ్ము కింద అది ఎన్నాళ్ల నుంచి ఉందో. తుడిచే చెయ్యి వేడిని పట్టుకుంటుంది, వదులుని పట్టుకుంటుంది, తడిని పట్టుకుంటుంది. మీ ఎలివేటర్ నడిపే కుర్రాడికి ఒక నోట్‌బుక్ కొనివ్వండి, కొత్తగా ఏది కనిపించినా రాయమనండి.

మిల్లు_గోవిందు
రేపే మొదలుపెడతాం. రాయడం వాడికి రాదు, నాకు ఫోన్‌లో వాయిస్ పెట్టమంటాను.

వైజాగ్_ఫోర్‌మన్
ఇంకా మంచిది. శబ్దం కూడా వినిపిస్తుంది.

పంపుల_ప్రసాద్
బేరింగ్ విప్పాను. మధ్యాహ్నం ఒంటరిగా వర్క్‌షాప్‌లో కూర్చుని బంతుల్ని దూరందూరంగా పట్టి ఉంచే కేజ్ రివెట్లు గ్రైండ్ చేసి, బంతులన్నీ ఒక పక్కకి జరిపి లోపలి రింగు బయటికి తీశాను. గ్రీజు నల్లగా, వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడుతోంది. కిరోసిన్‌లో కడిగి కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూశాను.

బంతులు పరిగెత్తే గాడి మీద సమాన దూరంలో గుంటలు. లెక్కపెట్టాను, ఎనిమిది. బంతులు కూడా ఎనిమిది. గుంటలు గాడి మధ్యలో కూడా లేవు, ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. వాటిలో రెండు గుంటల దగ్గర లోహం పొలుసులు లేచి ఊడిపోయింది. బయటి రింగులో వాటికి ఎదురుగా అవే ఎనిమిది.

వైజాగ్_ఫోర్‌మన్
ఇక చెప్పక్కర్లేదు. బేరింగ్ తొడిగేటప్పుడు బయటి రింగు మీద కొట్టారు. షాఫ్ట్ మీద బిగువుగా కూర్చోవాల్సింది లోపలి రింగు. బయటి రింగు మీద దెబ్బ వేస్తే ఆ బలమంతా బంతుల గుండా లోపలి రింగుకి వెళ్తుంది. ప్రతి బంతీ ఒక మేకులా గాడిలో దిగుతుంది. మొదటి రోజే అది పోయింది, తొమ్మిది రోజులు పట్టింది చెప్పడానికి. స్టార్ట్ చేసినప్పుడు సన్నగా హమ్మింగ్ వినపడలేదా?

పంపుల_ప్రసాద్
వినపడింది సార్. కొత్త బేరింగ్ కదా, సర్దుకుంటుంది అనుకున్నాం. లాగ్ బుక్‌లో కూడా రాయలేదు.

ఫిట్టర్‌తో మాట్లాడాను. కోప్పడలేదు. కాంట్రాక్టు కుర్రాడు, వరుసగా మూడో నైట్. బేరింగ్‌ని వేడిచేసి తొడగడానికి వాడే ఇండక్షన్ హీటర్ ఇంకో టీమ్ దగ్గర ఉంది, వచ్చేదాకా ఆగితే అయిదు గంటలు పోతాయి. దొరికిన పైపు ముక్క పెట్టి కొట్టాడు. ఆ పైపు వెడల్పు లోపలి రింగుకి సరిపోదు, బయటి దాని మీద కూర్చుంది. ‘అన్నా, నన్ను తీసేస్తారా’ అని అడిగాడు. తప్పు పద్ధతిదీ, తొందరదీ అని రిపోర్టులో రాశాను. వాడి పేరు రాయలేదు.

నీలి_రెక్క
పేరు రాయకపోవడం చాలా మంచి పని. పేరు రాస్తే రేపటి నుంచి ఎవరూ మీకు పైపు ముక్క సంగతి చెప్పరు.

సున్నా_టాలరెన్స్
36 గంటలు, ఒకే హీటర్. ఈ రెండూ రిపోర్టులో మొదటి లైన్లో ఉండాలి.

పంపుల_ప్రసాద్
ఉన్నాయి. మేనేజర్ గారు బేరింగ్‌ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. గుంటలు ఆయనే లెక్కపెట్టారు. రెండో హీటర్‌కి ఇండెంట్ పెట్టమన్నారు. రెండేళ్ల మాట ఇక ఎత్తలేదు. కొత్త బేరింగ్‌ని 110 డిగ్రీలకి వేడిచేసి తొడిగాం, చేత్తో నెడితే జారి కూర్చుంది, సుత్తి ముట్టుకోలేదు. డయల్ గేజ్‌తో అలైన్‌మెంట్ నేనే దగ్గరుండి చూశాను.

మాస్టారు చెప్పినట్టు పాత లాగ్ బుక్కులు తీస్తున్నాను. ఇప్పటికి ఆరేళ్లవి దొరికాయి. మూడు పంపులకీ కలిపి బేరింగ్ ఏడు సార్లు పోయింది, వాటిలో అయిదు ఓవర్‌హాల్ అయిన రెండు నెలల లోపే.

లెక్కల_మాస్టారు
ఆ ఏడు తేదీలూ, ఇంకా పోకుండా నడుస్తున్నవాటి గంటలూ నాకు పంపండి. నడుస్తున్నవాటిని వదిలేస్తే లెక్క తప్పుతుంది.

పంపుల_ప్రసాద్
రాత్రికి పంపుతాను. ఎ పంపుకి వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. విప్పడం లేదు. ప్రతి సోమవారం వైబ్రేషన్ రీడింగ్ తీస్తున్నాం. నిన్న మోటారు వైపు బేరింగ్ దగ్గర సెకనుకి 1.8 మిల్లీమీటర్లు వచ్చింది.

వైజాగ్_ఫోర్‌మన్
1.8 ఏ దిక్కులో? అడ్డంగా, నిలువుగా, షాఫ్ట్ వెంట మూడూ విడివిడిగా రాయండి. తీసే చోట చిన్న పెయింటు చుక్క పెట్టండి, ఎవరు తీసినా అక్కడే తీయాలి.

పంపుల_ప్రసాద్
అడ్డంగా తీసింది సార్. చుక్క రేపు పొద్దున పెట్టిస్తాను.